భూమి అడిగిన అన్నదమ్ములు (రోమ్ చరిత్ర నుంచి ఒక పాఠం)



రోమ్ అనగానే మనకి జూలియస్ సీజరే గుర్తుకొస్తాడు. ఆయన్ని సభలోనే కత్తులతో పొడిచి చంపారని కూడా చాలామందికి తెలుసు. కానీ అంతకు 89 ఏళ్ళ ముందే అదే రోమ్‌లో ఇంకో నాయకుణ్ణి కర్రలతో కొట్టి చంపారు. ఆయన బీదవాళ్ళకి భూమి పంచాలన్నాడు. ఆయన పేరు టైబీరియస్ గ్రాకస్. ఆయన సంగతి తెలిస్తేనే సీజర్ అంత పెద్దవాడు ఎలా అయ్యాడో తెలుస్తుంది. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

రోమ్‌లో అధికారం ఎవరిది?

క్రీ.పూ. 509లో తమ రాజుని వెళ్ళగొట్టామని రోమన్లు చెప్పుకునేవారు. అప్పటి నుంచి వాళ్ళకి రాజు అనే మాటే గిట్టదు. ఒక్కడి చేతిలోనే అధికారం ఉండిపోకుండా కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నారు.

1. కాన్సల్స్: వీళ్ళు ఇద్దరు. పదవి ఒక్క ఏడాదే. ఒకరు చేసే పనిని రెండోవారు ఆపవచ్చు.

2. సెనేట్: పెద్ద కుటుంబాలవాళ్ళు, పదవులు చేసినవాళ్ళు కూర్చునే సభ. పేరుకి సలహా చెప్పే సభే గాని, దాని మాటే చెల్లేది.

3. ట్రిబ్యూన్లు: వీళ్ళు పదిమంది. సామాన్య జనం తరఫున నిలబడాలి. జనానికి నష్టం అనుకుంటే ఏ పనినైనా “వీటో” అని ఆపేయవచ్చు. లాటిన్ భాషలో దానికి “నేను వద్దంటున్నాను” అని అర్థం. ఐక్యరాజ్యసమితి పాఠంలో వచ్చే వీటో ఈ మాటే. ట్రిబ్యూన్ ఒంటి మీద చెయ్యి వేస్తే మహాపాపం అని జనం నమ్మేవారు.

ఆడవాళ్ళకి ఓటు లేదు. బానిసలకి ఏ హక్కూ లేదు. ఇది కూడా మరిచిపోకూడదు.

భూమి గొడవ ఎలా వచ్చింది?

యుద్ధాల్లో గెలిచిన భూమిలో కొంత ప్రభుత్వానిది అయ్యేది. ఆ భూమిని ఎవరూ 500 యూగెరాలకి మించి పెట్టుకోరాదని పాత చట్టం ఉంది. మన లెక్కలో అది 300 ఎకరాల పైనే. కానీ చట్టం చట్టంలాగే ఉండిపోయింది. డబ్బున్నవాళ్ళు వేరేవాళ్ళ పేర్లు రాయించి, బినామీగా ఎక్కువ భూమి కలుపుకున్నారు. యుద్ధాల్లో పట్టుకొచ్చిన బానిసల చేత దాన్ని సాగు చేయించారు.

ఆ రోజుల్లో రోమ్‌లో రైతే సైనికుడు. కొంచెమైనా ఆస్తి ఉన్నవాళ్ళనే సైన్యంలోకి తీసుకునేవారు. వాళ్ళు దూరదేశాల్లో ఏళ్ళ తరబడి యుద్ధం చేస్తే ఇక్కడ చేను బీడు పడేది. తిరిగొచ్చేసరికి అప్పులు. చేను అమ్ముకుని కూలికి పట్నం పోవాలి. దేశం గెలిచింది, గెలిపించినవాడికి మాత్రం నిలబడే చోటు లేకుండా పోయింది. చేను పోతే ఎలా ఉంటుందో మన ఇళ్ళల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు.

టైబీరియస్ ఏం చేశాడు?

టైబీరియస్ బీదవాడు కాదు. హానిబాల్‌ని ఓడించిన గొప్ప సేనాపతి సిపియో ఆయనకి తాత, అంటే అమ్మ తండ్రి. క్రీ.పూ. 133లో టైబీరియస్ ట్రిబ్యూన్ అయ్యాడు. పాత చట్టాన్నే మళ్ళీ అమలు చేద్దాం, హద్దు మించిన భూమిని తీసుకుని బీదవాళ్ళకి పంచుదాం అన్నాడు. పంచడానికి ముగ్గురు సభ్యుల కమిటీ కూడా వేద్దామన్నాడు.

సెనేట్‌లో చాలామందికి కోపం వచ్చింది. ఎందుకంటే ఆ భూములు వాళ్ళ దగ్గరే ఉన్నాయి కదా! ఆక్టేవియస్ అనే ఇంకో ట్రిబ్యూన్ చేత వీటో వేయించారు. టైబీరియస్ ఆయన్ని బతిమాలాడు. ఆయన వినలేదు. అప్పుడు టైబీరియస్ జనం చేత ఓటు వేయించి ఆక్టేవియస్‌ని పదవి నుంచి తీసేశాడు. చట్టం నెగ్గింది. పంపకం మొదలైంది.

కానీ పదవి ముగిస్తే శత్రువులు ఊరుకోరని టైబీరియస్ రెండోసారి కూడా ట్రిబ్యూన్‌గా నిలబడ్డాడు. ఎన్నిక రోజు గొడవ అయింది. ఆ గోలలో మాట వినపడక, నా ప్రాణానికి ప్రమాదం ఉందని చెప్పడానికి ఆయన తల మీద చెయ్యి పెట్టుకున్నాడట. శత్రువులు సెనేట్‌కి పరుగెత్తి, కిరీటం అడుగుతున్నాడు, రాజు అవుతాడట అని చెప్పారట. నాసికా అనే పెద్దాయన కొందరు సెనేటర్లని వెంట పెట్టుకుని వచ్చాడు. కర్రలతో, విరిగిన బల్లల కోళ్ళతో కొట్టారు. టైబీరియస్‌తో పాటు 300 మందికి పైగా చచ్చిపోయారని ప్లూటార్క్ అనే గ్రీకు రచయిత రాశాడు. శవాల్ని ఇంటివాళ్ళకి కూడా ఇవ్వకుండా టైబర్ నదిలో పారేశారు.

తప్పు ఎవరిది?

దీని మీద పాత రచయితలే రెండు మాటలు అన్నారు. సిసిరో అనే గొప్ప వక్త, నాసికా చేసింది దేశానికి మేలే అని రాశాడు. ప్లూటార్క్ మాత్రం అన్నదమ్ముల మీద జాలితో రాశాడు.

నా ఆలోచన చెప్తాను. టైబీరియస్ అడిగింది న్యాయం. కానీ ఆక్టేవియస్‌ని తీసేయడం ప్రమాదమైన పని. మన లీడర్ మన మాట వినలేదని మధ్యలో తీసేస్తే, రేపు మనకి నచ్చిన లీడర్‌ని కూడా ఎవరైనా అలాగే తీసేయవచ్చు. అయినా ఓటుతో చేసిన పనికి, కర్రతో చేసిన పనికి చాలా తేడా ఉంది. కట్టుబాట్లు కాపాడతామన్న పెద్దలే, చెయ్యి వేయకూడని ట్రిబ్యూన్ మీద కర్ర ఎత్తారు.

తమ్ముడు గయస్

పదేళ్ళ తరవాత తమ్ముడు గయస్ గ్రాకస్ ట్రిబ్యూన్ అయ్యాడు (క్రీ.పూ. 123, 122). అన్నకి ఏమైందో చూసి కూడా ముందుకు వచ్చాడు. భూమి చట్టంతో పాటు బీదవాళ్ళకి తక్కువ ధరకి ధాన్యం ఇప్పించాడు, రోడ్లు వేయించాడు. క్రీ.పూ. 121లో సెనేట్ ప్రత్యేక ఆజ్ఞ ఇచ్చి ఆయన మనుషుల్ని చంపించింది. గయస్ కూడా చనిపోయాడు. చంపించిన కాన్సల్ ఒపిమియస్ తరవాత సామరస్య దేవతకి గుడి కట్టించాడు! అది చూసి జనం ఎంత బాధపడి ఉంటారో.

తరవాత ఏమైంది? (ఇది ముఖ్యం)

క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాపతి ఆస్తి లేనివాళ్ళని కూడా సైన్యంలో చేర్చుకున్నాడు. వాళ్ళకి యుద్ధం అయ్యాక భూమి కావాలి. సెనేట్ ఇవ్వదు. ఇప్పించేది సేనాపతే. ఇంక వాళ్ళు దేశం మాట ఎందుకు వింటారు? సేనాపతి మాటే విన్నారు.

క్రీ.పూ. 88లో సుల్లా సొంత సైన్యంతో సొంత ఊరు రోమ్ మీదికే వచ్చాడు. క్రీ.పూ. 49లో సీజర్ రూబికాన్ అనే చిన్న నది దాటి అలాగే వచ్చాడు. క్రీ.పూ. 44లో బతికినంత కాలం తానే నియంత అనిపించుకున్నాడు. ఆ ఏడాది మార్చి 15న ఆయన్ని చంపారు. అయినా పాత పద్ధతి తిరిగి రాలేదు. క్రీ.పూ. 27లో ఆగస్టస్ ఒక్కడే అన్నీ తన చేతిలో పెట్టుకున్నాడు. సెనేట్ పేరుకి మిగిలింది.

ఓటుతో భూమి అడిగినవాళ్ళని చంపేశారు. అప్పుడు జనం కత్తి ఉన్నవాడి వెనక నడిచారు. రోమ్‌లో ప్రజల పాలన పోవడానికి పెద్ద కారణాల్లో ఇది ఒకటి.

వాళ్ళ అమ్మ

ఈ అన్నదమ్ముల అమ్మ కార్నీలియా. 12 మంది పిల్లల్ని కంటే ముగ్గురే పెద్దయ్యారు. భర్త పోయాక ఈజిప్టు రాజు పెళ్ళి చేసుకుంటానన్నా ఒప్పుకోలేదు. మంచి గురువుల్ని పెట్టి పిల్లల్ని చదివించింది. ఆమె ఉత్తరాల్ని సిసిరో కూడా మెచ్చుకున్నాడు. ఓటు లేని ఆ తల్లికి రోమ్‌లో విగ్రహం పెట్టారు. ఆ విగ్రహం కింది రాయి ఇప్పటికీ రోమ్ మ్యూజియంలో ఉంది. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. అందుకే ఈ పాఠంలో నాకు అందరికంటే ఆమే ఎక్కువ నచ్చింది.

ఆలోచించండి:

1. ట్రిబ్యూన్‌కి వీటో ఎందుకు ఇచ్చారు? దాన్ని ఆక్టేవియస్ ఎవరి కోసం వాడాడు?

2. మంచి పని కోసం కట్టుబాటు దాటవచ్చా?

3. చట్టం ఉండి కూడా బీదవాళ్ళకి భూమి ఎందుకు దక్కలేదు?

జవాబులు రాసి ఈ గోడపత్రిక కింద అంటించండి. సార్లు, మేడమ్‌లు, వార్డెన్ గారు కూడా రాయవచ్చు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని