నిలబడిన చెట్టునూ లెక్క రాయి

గార్లదిన్నె

నాయనా,

ఉద్యాన సహాయకుడిగా చేరావు కాబట్టి, ఈ వేసవిలో గాలివాన నష్టం రాసే పని నీకు తప్పదు. పెద్ద తుపాను నష్టం రాయడం ఒక రకంగా తేలిక. ఊరంతా పడిపోయి ఉంటుంది, కాదనేవాడుండడు. చిక్కంతా చిన్న గాలితోనే. సన్నటి పట్టీలా వచ్చి నాలుగు తోటలు పడగొట్టి, గట్టు అవతల ఆకైనా చింపకుండా పోతుంది. 2025 మార్చిలో మన జిల్లాలోనే యల్లనూరు, పుట్లూరు దిక్కున గాలివానకు అరటి తోటలు ఒరిగిపోయాయి. అలాంటి గాలి బలం మండలంలోని వర్షమాపకానికి అందేది కాదు. వాతావరణ బీమా ఏమో వాతావరణ కేంద్రంలో నమోదైన కొలతల మీదే నడుస్తుంది. ఇక మిగిలే సాక్ష్యం తోటే. అందుకే పడిన చెట్లను మాత్రమే రాసిన నివేదికను నేను సగం నివేదిక అంటాను. ఏ దిక్కుకు పడ్డాయి, పక్కన ఏవి నిలబడ్డాయి అన్నది మిగతా సగం.

గాలిని కొలవలేనప్పుడు అది చేసిన పనిని బట్టే చదవాలని చూపినవాడు జపాన్‌లో పుట్టి అమెరికాలో పనిచేసిన టెట్సుయా ఫుజిటా. సుడిగాలుల బలానికి 1971లో ఒక కొలబద్ద ఇచ్చాడు. 2007 నుంచి అక్కడ వాడుతున్న సవరించిన కొలబద్దలో ఇళ్లు, చెట్లు, స్తంభాలు కలిపి 28 రకాల ఆనవాళ్లున్నాయి. అందులో అన్నిటికంటే చిన్న మెట్టుకే గంటకు 105 నుంచి 137 కిలోమీటర్ల వేగం. ఒకే గాలి ఒక్కోదాన్ని ఒక్కోలా దెబ్బతీస్తుందన్నదే దాని మూలం. తుప్పు మేకులతో నిలిచిన షెడ్డు రేకు ఎగిరిందంటే గాలి గొప్పదని కాదు, మేకు చచ్చిందని. నీళ్లబోదెతో, గెల బరువుతో ఉన్న అరటి చీనీ (బత్తాయి) చెట్టుకంటే ఎంతో ముందే విరుగుతుంది. ఊతకట్టె పెట్టిన సాలు, పెట్టని సాలు కూడా ఒకటి కాదు. ఇక దిక్కు సంగతి. చెట్లన్నీ ఒకే వైపుకో, విసనకర్ర విప్పినట్టు బయటికో పడి ఉంటే అది మేఘం నుంచి కిందికి దూకిన గాలి. ఒక గీత వైపు లోపలికి ముడుచుకుని, మెలితిరిగి పడితేనే సుడి అనుకోవాలి. పత్రికలకు ప్రతిదీ సుడిగాలి బీభత్సమే, నువ్వు మాత్రం ఆ మాట తొందరపడి రాయకు.

నిలబడినవి రాస్తే రైతుకొచ్చే సాయం తెగ్గోసినట్టే కదా అని నిన్ను అడుగుతారు. అడగాల్సిన మాటే. పెట్టుబడి రాయితీకి పంట నష్టం కనీసం 33 శాతం ఉండాలి. 2015కు ముందు 50 ఉండేది. చిన్న గాలి దెబ్బ చాలాసార్లు ఆ గీతకు అటూ ఇటూగానే తేలుతుంది. అక్కడ కంటిచూపుతో నలభై అని రాస్తే, పై తనిఖీలో పక్క పచ్చటి తోటను చూపి మొత్తం కొట్టేయడం సులువు. గాలి పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో నువ్వే రాసుంటే ఆ పచ్చటి తోట రైతుకు ఎదురు సాక్షి కాదు, అనుకూల సాక్షి. సాయం తగ్గే రైతులు కొందరుంటారు, ఆ మాట దాచను. కానీ దబాయించి రాయించుకోలేని బక్క రైతుకు సాలు సాలుగా రాసిన లెక్కే దిక్కు. బాట పక్క సాళ్లతో సరిపెట్టకుండా తోట నడిమికి వెళ్లి లెక్కపెట్టు. బోదె విరగకపోయినా వేరు కదిలిన అరటిని, గెల ముదరకముందే ఆకు పీలికలైనదాన్ని విడిగా రాయి. నిలబడినట్టు కనిపించినా అవి నష్టంలోవే.

ఫారంలో పడిన దిక్కుకు, నిలబడిన చెట్టుకు గడి లేదంటావేమో. రిమార్కుల గడి ఉంది, ఫోన్‌లో దిక్సూచీ ఉంది. లేనిదల్లా సమయమే. పిలకలకు వెలుతురు కావాలని రైతు పడిన బోదెలను నాలుగు రోజుల్లో నరికి గట్టుకు వేస్తాడు. దాంతో దిక్కు పోతుంది, లెక్కా పోతుంది. వాన వెలిసిన మర్నాటి పొద్దునే ముందు అరటికి పో. చీనీ తోట సాయంత్రం దాకా ఆగుతుంది.

ఇట్లు,
నీ పెద్దనాయన