వుల్‌వర్తు హర్మ్యము: గడపనుండి గోపురము వఱకు

విద్యార్థులారా! మన ప్రాంతమున గుడికి బోవువారు ముందుగా గాలిగోపురమును తలయెత్తి చూచి, పిమ్మట గడప దాటి లోనికి బోవుదురు. న్యూయార్కు నగరమున బ్రాడ్వే వీధిలో, నగరసభామందిరపు తోటకు ఎదురుగా నిలిచియున్న వుల్‌వర్తు హర్మ్యమును గూడ ఆ క్రమముననే చూడవలయును. అయితే దాని గడప దాటుట అందఱికిని సాధ్యము కాదు. 2001వ సంవత్సరము సెప్టెంబరు నెలలో సమీపముననే జరిగిన ఘోరకృత్యము తరువాత దాని ముఖశాలను బాటసారులకు మూసివేసిరి. ఇటీవలి సంవత్సరములలో, ముందుగా రుసుము చెల్లించి పేరు వ్రాయించుకొనిన చిన్న చిన్న బృందములకు మార్గదర్శి వెంటనుండి ఆ శాలను చూపునట్టి యేర్పాటు జరిగినది. అట్టి బృందములో మనమును జేరినట్లు భావించుకొని, చూడదగినవానిని చూచెదము. ఎవ్వరును తొందరపడవలదు. ఈ కట్టడమును చూడవచ్చిన వానికి కొంత మెడనొప్పి తప్పదు.

లోనికి బోవుటకు ముందు దీనిని కట్టించినవాని సంగతి తెలిసికొనవలయును. ఫ్రాంకు వుల్‌వర్తు 1852లో ఒక సామాన్యమగు సేద్యకాని యింట జన్మించెను. వాటర్‌టౌన్ అను ఊరిలో ఒక దుకాణమున గుమాస్తాగా నుండగా, మిగిలిపోయిన చిల్లర సరకును బల్లపై బఱచి, ఏ వస్తువైనను అయిదు సెంట్లే యని వెల కట్టిన, జనులు విరుగబడి కొనుటను చూచెను. మన జాతరలలో ఏది తీసికొన్నను ఒకటే వెల యని కేకలువేయు వర్తకులను మీరెఱుగుదురు గదా! అదియే యుక్తి. 1879లో యుటికా నగరమున ఆయన పెట్టిన తొలి కొట్టు కొలది నెలలలోనే మూతపడినది. అదే సంవత్సరము లాంకాస్టరు నగరమున మఱియొకటి పెట్టెను, అది నిలిచినది. ముప్పదియేండ్లు గడచునప్పటికి, అయిదు సెంట్లు, పది సెంట్ల నాణెములతోనే ఆయన కోట్లకు పడగలెత్తెను. హర్మ్యమునకు వ్యయమైన కోటి ముప్పదియైదు లక్షల డాలర్లను ఋణము లేకుండ చెల్లించెనని ప్రసిద్ధి.

ఆ కాలమున ఆ నగరమందలి మెట్రొపాలిటన్ జీవితబీమా సంస్థవారి గోపురము 700 అడుగుల యెత్తుతో లోకమున మొదటి స్థానము నందియుండెను. దానిని మించవలెనని వుల్‌వర్తు పట్టుదల. శిల్పి కాస్ గిల్బర్టు మొదట గీచిన నమూనాలు అంత యెత్తైనవి కావు. యజమాని కోరిక పెరిగినకొలది అవియు పెరిగినవి. తుదకు 792 అడుగులకు చేరినది. 1913 మొదలు 1930 వఱకు ఇంతకన్న ఎత్తైన భవనము లోకమున లేకుండెను.

ఇప్పుడు బాటకు ఆవలి ప్రక్కన నిలిచి పైకి చూడుడు. గిల్బర్టు చేసిన మొదటి పని అడ్డగీతలను అణచి నిలువుగీతలకు ప్రాధాన్యమిచ్చుట. కిటికీల నడుమ స్తంభములవంటి పట్టెలు క్రిందినుండి పైవఱకు విరామము లేక సాగిపోవును. చూపు ఎచ్చటను ఆగదు. కొసన పచ్చవాఱిన రాగిరేకుల శిఖరమును చేరును. నడిమియుగమునాటి ఐరోపా గోపురముల రీతి ఇది. దీనిని గాథిక్ శైలి యందురు. చిన్న చిన్న కోణములు, పందిరులు, వింత జంతువుల తలలు పైభాగమున గలవు. అవి నేలనుండి చూచువానికి స్పష్టముగా గనబడుటకై నీలము, ఆకుపచ్చ, పసుపు మొదలగు రంగులు లోతట్టు భాగములకు వేసిరి. దూరమునుండి అది మీగడ తెలుపుగా మాత్రమే తోచును. ఆ రంగులు నీడలకు బలమిచ్చును. ఈ యుపాయము నాకు మిక్కిలి నచ్చినది.

ఇంత కట్టడము కూలక యెట్లు నిలిచినదను ప్రశ్న మీకు కలుగవలయును. కలుగనిచో శిల్పమును చూచి ప్రయోజనము లేదు. పూర్వము గోడయే బరువును మోసెడిది. షికాగో నగరమున 1891లో ముగిసిన మొనాడ్నాక్ భవనము పదునాఱంతస్తులది. దాని గోడలు అడుగున ఆఱడుగుల మందము. అంతస్తులు పెరిగినకొలది గోడలు మందమై, క్రింది గదులను మ్రింగివేయును. ఉక్కు కంబములును దూలములును గూర్చి అస్థిపంజరము నిలిపినచో బరువు నంతను అదియే మోయును. గోడ చర్మమువలె దానిని కప్పియుండును. వుల్‌వర్తు హర్మ్యమున ఆ యుక్కుపనికి లెక్కలు కట్టినవాడు నార్వే దేశమున పుట్టిన గున్వాల్డు ఆస్ అను ఇంజనీరు. ఎత్తైన కట్టడమునకు బరువుకంటె గాలి పెద్ద శత్రువు. అందుచే కంబమును దూలమును కలియుచోట కమాను ఆకారపు ఉక్కుబిగింపులను వేసిరి.

పునాది సంగతి ఇంకను చిత్రమైనది. మన్‌హటన్ దీవిలో ఈ స్థలమున గట్టి రాయి నూఱడుగులకు పైగా లోతున నున్నది. దాని పైన నున్నది ఇసుకయు బురదయు నీరును. మన గోదావరిపై వంతెనలు కట్టినప్పుడు ఏటి గర్భములో నూతులు దింపిన రీతి మీలో కొందఱు వినియుందురు. ఇచ్చటను అట్టిదే, కాని ఒక భేదము. అడుగు తెఱచియున్న పెద్ద గొట్టములను నేలలో నిలిపి, వానిలోనికి గాలిని బలముగా నొత్తిపట్టి, నీరు రాకుండ చేసిరి. ఆ గాలిలో కూలీలు కూర్చుండి త్రవ్వుచుండగా గొట్టము తన బరువుచేతనే దిగుచుండును. రాయి తగిలిన పిమ్మట కాంక్రీటుతో నింపుదురు. ఒత్తిడిగల గాలిలో పనిచేసినవాడు ఒక్కుమ్మడి బయటికి వచ్చెనా, రక్తములో కరగియున్న నత్రజని బుడగలుగా పొంగి, కీళ్లు మెలిపెట్టును, ప్రాణమే పోవచ్చును. అందుచే నెమ్మదిగా, ఒత్తిడిని క్రమముగా తగ్గించుచు, మనుష్యులను వెలికి తీయవలయును. శిఖరమును పొగడువారు అనేకులు. నూఱడుగుల లోతున పారపట్టినవారి మాట ఎత్తువారు కొలదిమంది.

అస్థిపంజరమును కప్పిన చర్మము రాయి కాదు. క్రింది కొన్ని అంతస్తులు తప్ప, తక్కినదంతయు కాల్చిన మట్టి, టెర్రకోట యందురు. అది తేలిక, అగ్నికి లొంగదు, అచ్చులో పోసినచో ఎంత సన్నని నగిషీనైనను పట్టును. మన ఓరుగల్లు సీమలోని రామప్ప గుడి విమానమునకు బరువు తగ్గించుటకై నీట తేలునంత తేలికయైన ఇటుకలను వాడిన మన పూర్వులకు ఈ తర్కము క్రొత్తది కాదు. అయితే మట్టికి ఒక లోపము గలదు. అతుకుల సందులనుండి నీరు చొచ్చి, పలకలను పట్టియుంచిన ఇనుప కొక్కెములకు త్రుప్పు పట్టించినది. త్రుప్పు ఉబ్బి పలకలను పగులగొట్టినది. 1977 మొదలు నాలుగేండ్లపాటు జరిగిన మరమ్మతులో వేలకొలది పలకలను తీసి కాంక్రీటు పలకలను పెట్టిరి. పైకొసన కొన్ని అలంకారములు తొలగిపోయినవి. భవనము నిలిచినది గనుక తప్పు పట్టరాదు. ఐనను మూలపు పనితనము ఎచ్చట మిగిలినదో, మాఱినది ఏదో, మార్గదర్శినడిగి తెలిసికొనుట మంచిది.

ఇక గడప దాటుదము. ముఖశాల సిలువ ఆకారమున నున్నది. గోడలకు గ్రీసు దేశపు స్కైరాసు దీవినుండి తెచ్చిన చారల పాలరాయి. పైన గొట్టమును నిలువున కోసినట్లుండు కమాను కప్పు. దానినిండ గాజు తునకలు కూర్చిన మొజాయిక్ పని. బంగారువన్నె నేపథ్యముపై లతలు, పక్షులు మెఱయును. ఇటలీలోని రవెన్నా నగరమందు క్రీస్తుశకము అయిదు, ఆఱవ శతాబ్దములలో వెలసిన క్రైస్తవ కట్టడములు తలపునకు వచ్చును. శాలకు రెండు చివరల పై వసారాలలో రెండు వర్ణచిత్రములు గలవు: ఒకటి శ్రమ, రెండవది వాణిజ్యము. రెండింటిని స్త్రీమూర్తులుగా చిత్రించినవాడు పాల్ జెన్నెవైన్. అప్పటికి ఇరువదియేండ్లు దాటిన యువకుడు. తరువాతి కాలమున విగ్రహశిల్పిగా పేరొందెను.

ఇంతలో బృందములో నవ్వు వినబడును. కారణము దూలముల క్రింద మోపుగా నున్న చిన్న బొమ్మలు. వానిలో మీసముల పెద్దమనిషి ఒకడు నాణెములను లెక్కపెట్టుకొనుచున్నాడు: వుల్‌వర్తు. కండ్లజోడు పెట్టుకొని ఈ భవనపు నమూనానే ఒడిలో పట్టుకొని పరకాయించి చూచుచున్నవాడు గిల్బర్టు. ఉక్కుదూలమును కొలుచుచున్నవాడు ఆస్. టెలిఫోనులో మాటలాడుచున్నవాడు కట్టడము నిర్మించిన గుత్తదారుల ప్రతినిధి లూయీ హొరోవిట్జు. బ్యాంకువాడును, గదులు బాడుగకిచ్చు వ్యవహర్తయు గూడ కలరు. లేపాక్షి గుడి కప్పుపై విరూపణ్ణయు ఆయన సోదరుడును చిత్రింపబడియున్నారు. కాని వారు భక్తులై నిలిచినారు. ఇచ్చట యజమాని తన్ను తాను చూచి నవ్వుకొనుటకు ఒప్పుకొన్నాడు. ఇది నాకు గొప్ప గుణముగా దోచుచున్నది. అయితే ఒక సంగతి మఱువరాదు: గొట్టములో త్రవ్విన కూలికి గాని, దుకాణములో చిల్లర లెక్కించిన ఆడుపిల్లకు గాని ఆ దూలముల క్రింద చోటు దొరకలేదు. శ్రమయను పేర ఒక దేవతామూర్తి మాత్రము పైన కూర్చున్నది.

ఈ కట్టడమును వాణిజ్యపు కెథీడ్రల్ అని బ్రూక్లిన్ పాదరియగు పార్క్స్ కాడ్మన్ వర్ణించెను. ఆ పేరు స్థిరపడినది. సిలువవంటి శాల, బంగారు కప్పు, గోపురము చూచినవారికి ఆ మాట తోచుట సహజమే. కాని గిల్బర్టు ఆదర్శముగా గైకొన్నవి దేవాలయములు మాత్రమే కావు. ఫ్లాండర్సు ప్రాంతమున వర్తకులు కట్టించుకొనిన నగరసభాభవనముల గోపురములు గూడ. ఆ భేదము చిన్నది కాదు. ఆలయపు రూపమును తీసికొని ధనమునకు తొడిగినారని కొందఱు నిందింతురు. నా అభిప్రాయమున, నేలమట్టపు శాల విషయమున ఆ నింద కొంత నిజము. గోపురము విషయమున కాదు. అది ఊరి గడియారపు గోపురమునకు దాయాది.

1913 ఏప్రిలు 24వ తేదీ సాయంత్రము వాషింగ్టను నగరమునుండి అధ్యక్షుడు వుడ్రో విల్సను ఒక మీటను నొక్కగా ఇచ్చట ఎనుబదివేల దీపములు ఒక్కమాఱుగా వెలిగినవి. ఆ రాత్రి జరిగిన విందు గిల్బర్టు గౌరవార్థము. వుల్‌వర్తు ఇరువదినాల్గవ అంతస్తున నెపోలియను చక్రవర్తి కాలపు రీతిలో తన కచ్చేరీని అలంకరించుకొని, 1919లో మరణించువఱకు వాడుకొనెను.

ఆయన దుకాణముల చరిత్ర ఈ గోడలపై లేదు గాని, మార్గదర్శి చెప్పకున్నను మనము చెప్పుకొనవలయును. చవుకగా అమ్మవలెనన్న పనివారికి జీతము తక్కువగా నుండవలెనని ఆయన నమ్మకము. 1937 ఫిబ్రవరిలో డిట్రాయిటు నగరమున ఆ సంస్థ దుకాణపు ఆడుపిల్లలు పని మాని దుకాణములోనే బైఠాయించి జీతములు పెంచుకొనిరి. నల్లజాతివారికి దక్షిణపు రాష్ట్రములలోని ఆ కొట్లయందు సరకు అమ్మెడివారు, ఫలహారపు బల్లవద్ద మాత్రము కూర్చుండనిచ్చెడివారు కారు. 1960 ఫిబ్రవరి 1వ తేదీన గ్రీన్స్‌బరో పట్టణమున కళాశాల మొదటి సంవత్సరపు విద్యార్థులు నలుగురు, ఎజెల్ బ్లెయిరు, డేవిడ్ రిచ్మండు, ఫ్రాంక్లిన్ మెకెయిన్, జోసెఫ్ మెక్నీలు అనువారు, ఆ బల్లవద్ద కూర్చుండి కాఫీ అడిగిరి. ఇయ్యలేదు. వారు లేవలేదు. మఱునాడు మఱికొందఱు వచ్చిరి. దినదినము సంఖ్య పెరిగినది. ఇతర పట్టణములకు ప్రాకినది. జూలై 25వ తేదీన ఆ దుకాణము నల్లవారికి వడ్డించినది.

అమెరికాలో ఆ చిల్లర దుకాణములు 1997లో మూతపడినవి. మఱుసటి యేడు ఈ హర్మ్యమును గూడ సంస్థవారు విక్రయించిరి. తరువాత పైయంతస్తులు ధనవంతుల నివాసములుగా మార్చబడినవి. నాణెములు లెక్కించు బొమ్మ మాత్రము దూలము క్రింద తన స్థానముననే యున్నది. గ్రీన్స్‌బరో దుకాణము 2010 ఫిబ్రవరి 1వ తేదీన ప్రదర్శనశాలగా తెఱువబడినది. అచ్చటి ఫలహారపు బల్లలో ఒక భాగమును, నాలుగు పీటలతో గూడ, విల్సను మీట నొక్కిన ఆ వాషింగ్టను నగరమందలి జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో ఉంచిరి.