పడమటి గాలికి తడి గోతం, తూరుపు గాలికి తెరిచిన గూడు

నెల్లూరు జిల్లా తీరాన మైపాడు, కోడూరు, కృష్ణపట్నం చుట్టుపక్కల ఊళ్లలో మే నెల పగలు రెండు ముక్కలు. పొద్దున తొమ్మిది దాటితే వెలిగొండల మీదుగా పడమటి గాలి మొదలవుతుంది. పొడిగాలి, ముఖానికి పొయ్యి సెగలా తగులుతుంది. మధ్యాహ్నం ఏదో ఒక వేళకు సముద్రం వైపు నుంచి తూరుపు గాలి తిరుగుతుంది. వేడి కాస్త తగ్గుతుంది గాని ఒళ్లంతా జిడ్డు, ఉక్క. పడమటి గాలి గట్టిగా ఉన్న రోజు ఆ తూరుపు గాలి మూడింటికి గాని రాదు, ఒక్కో రోజు అసలే రాదు. వేసవిలో కోళ్ల గురించి మనం వినే సలహాలు ఎక్కువగా మెట్ట ప్రాంతాలకు తగ్గవి. షెడ్డు తడపండి, గోతాలు తడిపి కట్టండి అంటారు. తీరంలో ఆ సలహా సగం రోజుకే పనికొస్తుంది. మిగతా సగం రోజు అలాగే కట్టి ఉంచితే కోడికి ఊపిరాడదు.

కారణం కోడి ఒంట్లోనే ఉంది. దానికి చెమట పట్టదు. ఒంటి వేడి మామూలు రోజుల్లోనే 41 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఎండ ముదిరితే నోరు తెరిచి రొప్పుతుంది, గొంతు కింద చర్మం గబగబా కొట్టుకుంటుంది, రెక్కలు ఒంటికి ఎడంగా వేలాడేస్తుంది. రొప్పేటప్పుడు గొంతులో తడి ఆవిరవుతూ వేడిని బయటికి తీసుకుపోతుంది. వసారాలో కుండ నీళ్లు చల్లబడేది కూడా ఇలాగే. పడమటి గాలి రోజున కుండలో నీళ్లు జిల్లుమంటాయి. ఉక్క పట్టిన సాయంత్రం అదే కుండలో నీళ్లు అంతగా చల్లబడవు, గాలిలో ముందే తడి నిండి ఉంటుంది కాబట్టి. మీ ఇంటి కుండనే చూసుకోండి. నీళ్లు చల్లగా లేని పూట మీ పెట్టలు ఎంత రొప్పినా వాటి ఒంటి వేడి దిగడం లేదన్నమాట.

పడమటి గాలి 42, 43 డిగ్రీలతో వీచేటప్పుడు అది కోడి ఒంటికన్నా వేడి. ఆ గాలి తగిలితే కోడి ఇంకా కాగిపోతుంది. గూటికి పడమటి పక్కన తాటాకు దడి కట్టి, దాని మీద గోతాలు వేలాడదీసి, గంటకోసారి తడపండి. గోతానికీ గూటికీ మధ్య జానెడు ఎడం ఉంచండి. పొడిగాలి ఆ తడిలోంచి వచ్చేసరికి వేడి తగ్గుతుంది. తూరుపు గాలి తిరగగానే గోతాలు పైకి చుట్టేయండి, నీళ్లు చల్లడం ఆపండి. ఆ వేళకు గాలి 36, 37 డిగ్రీలకు దిగి ఉంటుంది, ఒంటిని ఒరుసుకుంటూ పోతే కోడి వేడిని లాక్కుపోతుంది. కాబట్టి తూరుపు వైపు గోడ, గడ్డివాము, పాత సామాను ఏదీ అడ్డు ఉండకూడదు. ఇల్లు కట్టేటప్పుడు సముద్రపు గాలికి కిటికీ పెట్టుకుంటాం గదా, గూటికీ అదే లెక్క.

పైకప్పు రేకులైతే ముందు దాని సంగతి చూడాలి. రేకు మీద సున్నం కొట్టి, పైన తాటాకో వరిగడ్డో మందంగా పరిచి, ఎగిరిపోకుండా సర్వి కట్టెలతో అదిమి కట్టండి. పగలు కోళ్లను గూట్లో మూసి ఉంచకుండా చెట్టు కిందికి వదలడం ఇంకా మంచిది. వేప, చింత సరే, కానుగ నీడ మరీ మేలు. పిల్లల తల్లిని గంప కింద మూసే అలవాటు మనకుంది. గంప మూసినప్పుడు నీడలో ఉన్నా, పొద్దు తిరిగేసరికి ఎండలో పడుతుంది. పిల్లలు ఆ ఒక్క గంటలోనే పోతాయి. చెట్టు కింద ఇసుక మీద పొద్దున రెండు చెంబుల నీళ్లు పోసి వదిలేస్తే, కోళ్లు అక్కడే గుంట తవ్వుకుని పొట్ట ఆనించి పడుకుంటాయి. బురద కాకూడదు, చెమ్మ ఉంటే చాలు.

రాత్రి సంగతి చాలామంది పట్టించుకోరు. అరుగు కింద ఇటుక గూడు పగలంతా ఎండకు కాగి ఉంటుంది. చీకటి పడగానే పది కోళ్లను అందులో దూర్చి చెక్క తలుపు బిగిస్తాం. తెల్లారేసరికి ఒకటి రెండు చచ్చి ఉంటే పురుగు ముట్టిందనుకుంటాం. చెక్క తలుపు తీసేసి సన్న కన్నాల ఇనుప జల్లెడ బిగించుకోండి. ముంగిస, పిల్లి దూరవు, గాలి ఆడుతుంది. పది కోళ్ల గూట్లో వేసవి మూడు నెలలూ ఆరే ఉంచి, మిగతావాటిని కుక్కలకు అందనంత ఎత్తున చెట్టు కొమ్మ మీద పడుకోనివ్వండి.

ఇక నీళ్లు. మామూలు రోజుల్లో పెద్ద పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది, ఎండలకు అది అర లీటరు. అందరూ చల్లటి నీళ్లు పెట్టమని చెబుతారు. మన తీరంలో అంతకన్నా ముందు చూసుకోవలసింది నీళ్ల రుచి. సముద్రానికి దగ్గరగా, రొయ్యల గుంటల పక్కన చాలా బోర్లలో ఉప్పు నీళ్లు పడతాయి. ఆ నీళ్లు తాగిన కోడికి దాహం తీరదు, రెట్ట పలచనవుతుంది, గుడ్డు పెంకు పలచనవుతుంది. మీరు తాగని నీళ్లు కోడికీ పెట్టకండి. పది కోళ్లకు రోజుకు ఐదారు లీటర్లు, బిందెలో సగం కూడా కాదు. లోతు తక్కువ మట్టి మూకుళ్లు రెండు మూడు చోట్ల నీడలో పెట్టి, పన్నెండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి పారబోసి మళ్లీ నింపండి. ఎండ మరీ తీవ్రంగా ఉన్న రోజు లీటరు నీళ్లలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలపవచ్చు. నీళ్లలోనే ఉప్పదనం ఉంటే బెల్లం ఒక్కటే చాలు. పలచటి మజ్జిగ మంచిదే గాని గంటకు మించి ఉంచకండి.

తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తొమ్మిదింటికి కడుపునిండా నూకలు తిన్న కోడికి ఆ వేడి సరిగ్గా మిట్టమధ్యాహ్నం తోడవుతుంది. అందుకే తెల్లవారుజామున ఐదింటికల్లా ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి గింజ వేయండి. మధ్యలో మునగాకు, తోటకూర, పుచ్చకాయ తొక్కలు చాలు. ఎండు చేపల పొట్టు, ఉప్పు చేపల తలకాయలు మన ఊళ్లలో కోళ్లకు ఊరికే దొరికే మేత. వేసవిలో మాత్రం వాటిని ఆపేయండి, ఆ ఉప్పు పిల్లల ప్రాణానికే ముప్పు. ఆలిచిప్పలను మెత్తగా దంచి సాయంత్రం మేతలో కలపండి. రొప్పేకొద్దీ రక్తంలోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది, పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. పెంకు కట్టేది ఎక్కువగా రాత్రిపూట కాబట్టి సాయంత్రం తిన్న సున్నం వృథా పోదు.

వేసవిలో పొదగేయడం నాకు ఇష్టం లేదు. తప్పదనుకుంటే మూడు నాలుగు రోజులకు మించి నిలవ లేని గుడ్లే వెయ్యండి. గది వేడికే గుడ్డులో పిండం కదలడం మొదలై, సరిపడా వెచ్చదనం అందక చచ్చిపోతుంది. తడి ఇసుకలో కుదిర్చిన మట్టికుండలో గుడ్లు దాచే పాత పద్ధతి ఇప్పటికీ మంచిదే. పొదుగు మీదున్న పెట్టను పొద్దున, సాయంత్రం దించి నీళ్లు తాగనివ్వండి. కొన్ని పెట్టలు 21 రోజులూ లేవకుండా కూర్చుని దాహంతోనే ప్రాణం పోగొట్టుకుంటాయి.

హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థ వారి వనరాజా కోళ్లు మన ఊళ్లలో బాగా పెరుగుతున్నాయి. ఒళ్లు బరువు కాబట్టి ఎండకు ముందు కూలేవి అవే. నీడలో మంచి చోటు వాటికివ్వండి. మెడ మీద ఈకలు లేని నాటు రకం దొరికితే వదులుకోకండి, వేడికి బాగా ఓర్చుకుంటుంది.

కోడి సోలిపోయి కూలబడితే గొంతులో నీళ్లు పోయవద్దు, శ్వాసనాళంలోకి పోతాయి. నీడకు తెచ్చి, కాళ్లు, పొట్ట కింది భాగం మామూలు చల్లటి నీళ్లలో ముంచి పట్టుకోండి. ఐసు నీళ్లు వద్దు. తమ్మె మీద తడిగుడ్డ వేసి విసరండి. తల నిలిపాక ముక్కు తడిపి, దానంతట అదే తాగనివ్వండి.

చచ్చిన ప్రతి కోడినీ ఎండదెబ్బ ఖాతాలో వేయకండి. ఎండదెబ్బ చావు ఎక్కువగా మధ్యాహ్నం నుంచి రాత్రి లోపల, బలిసిన కోళ్లతో మొదలవుతుంది. ఆకుపచ్చ రెట్ట, గొంతులో గురక, మెడ మెలితిరగడం, పక్కింటి కోళ్లు కూడా రాలడం చూస్తే అది కొక్కెర తెగులు కావచ్చు. దానికి ఎనిమిది వారాల వయసులో వేసే ఆర్‌టుబి టీకా ఫిబ్రవరి, మార్చిలోనే వేయించి ఉండాలి. వేయించకపోతే ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు ఇప్పుడైనా తెల్లవారుజామున, మందు ఐసు డబ్బాలో తెచ్చి వేయించండి. ఏ తెగులో కంటితో చూసి చెప్పలేని సందర్భాలూ ఉంటాయి. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బల్లో కోళ్లు చచ్చిపోతే, భోపాల్ ప్రయోగశాలలో పరీక్ష చేశాకే బర్డ్ ఫ్లూ అని తేలింది. ఒకేసారి నాలుగైదు పోతే కాలువలో పారేయకుండా, కూర వండుకోకుండా పశువైద్యుడికి కబురు పెట్టండి. 1962 నంబరుకు ఫోను చేసినా సరే.

రోహిణి కార్తె జూన్ 8 ప్రాంతంలో వెళ్లిపోతుంది. మృగశిర వచ్చింది గదా అని గోతాలు విప్పేయకండి. మన జిల్లాకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరులో వస్తుంది. జూన్‌లో కూడా పడమటి గాలి 40 డిగ్రీలతో కొట్టే రోజులు ఉంటాయి. నెలాఖరు దాకా పడమటి దడి, నీడలో మూకుడు, తెల్లవారుజాము మేత అలాగే సాగనివ్వండి.