పార కామకు, గొడ్డలి కామకు ఏం పూయాలి? అవిసె నూనెా, వార్నిషా, రంగా?

పోయిన వీడియోలో జీవామృతం కలుపుతున్నప్పుడు నా చేతిలో ఉన్న కర్ర చూసి, దానికేం పూశావని చాలామంది అడిగారు. పూసింది అవిసె నూనె. పూసే పద్ధతి పై వీడియోలో ఉంది. వీడియోలో చెప్పడానికి టైం చాలనివి ఇక్కడ రాస్తున్నా. ముఖ్యంగా నూనె గుడ్డ సంగతి, అది మాత్రం వదలకుండా చదవండి.

ఈ పని నాకు నేర్పింది డిప్లొమా కాదు, మా ఊరి మిలిటరీ తాత. ఆయన సర్వీసులో చేరిన కొత్తలో పట్టుకున్నది పాత 303 లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్. దాని చెక్క మడమకు పచ్చి అవిసె నూనె రాసి అరచేత్తో రుద్దేవాళ్లట. వానలో తడిసినా, ఎండలో కాగినా చెక్క పగలకుండా, చెమట చేతికి జారకుండా ఉండాలి కదా. మన పారకు కావలసిందీ అదే.

ముందు మనవాళ్లు పూసే మిగతావాటి గురించి చెప్తా. వార్నిష్ కొత్తలో అద్దంలా మెరుస్తుంది. కానీ అది చెక్క పైన పొరలా ఉండిపోతుంది. పారతో నాలుగు రోజులు మడవలు కడితే ఆ పొర చిట్లుతుంది. చిట్లిన చోట నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. కింద చెక్క నల్లబడి మెత్తబడుతుంది. పైగా చెమట చేతికి వార్నిష్ జారుతుంది, అరచేతులు బొబ్బలెక్కుతాయి. ఇంట్లో కుర్చీకి బాగుంటుంది, పారకు వద్దు.

రంగుతో ఇంకో తంటా. గొడ్డలి కామలో సన్న పగులు వస్తే రంగు దాన్ని కప్పేస్తుంది. మీరు బలంగా వేటు వేసినప్పుడే అది బయటపడుతుంది, గొడ్డలి ఎగిరి ఎవరి మీద పడుతుందో తెలీదు. అయితే రంగు పూర్తిగా పనికిరాదని అనను. కామ చివర రెండంగుళాలు ఎర్ర రంగు పట్టీ వేయండి. గడ్డిలో పడేసిన కొడవలి కూడా దొరుకుతుంది.

కాలిన ఇంజన్ ఆయిల్ పూసేవాళ్లు ఇంకా ఉన్నారు. చెద పట్టదని పూస్తారు. పొలంలో చుక్క పురుగుమందు వేయని మనం, ఇంజన్లో కాలిన మసి, లోహాల మడ్డి రోజూ చేతికి పూసుకోవడం ఏంటి చెప్పండి?

మరి మన కానుగ నూనె, వేప నూనె, ఆముదం సరిపోవా? నేనూ అదే అనుకుని ముందు ఆముదం పూశా. నెల దాటినా జిగురుగానే ఉంది, దుమ్మంతా అంటుకుంది. కారణం ఏంటంటే ఇవి ఆరే జాతి నూనెలు కావు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్ పట్టుకుని చెక్క లోపలే గట్టిపడుతుంది. (అవిసె అంటే తమలపాకు తోటల్లో వేసే అవిసె చెట్టు కాదు, అవిసె గింజల మొక్క.)

షాపులో రెండు రకాలు దొరుకుతాయి. డబుల్ బాయిల్డ్ తొందరగా ఆరుతుంది, కానీ పెయింట్ షాపులో దొరికే దానిలో మామూలుగా ఆరడానికి లోహపు మందులు కలుపుతారు. పచ్చి నూనెలో అవి ఉండవు, ఆరడానికి మాత్రం రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. నేను పచ్చిదే వాడతా, ఎండాకాలంలో పని పెట్టుకుంటా. ఒక మాట, ఇది చెదల మందు కాదు. పనిముట్లు నేల మీద కాకుండా గోడకు వేలాడదీయాల్సిందే.

పని ఇలా చేయాలి. తుమ్మ కామ అయితే ముందు నీడన బాగా ఎండాలి, పచ్చి కర్రలోకి నూనె దిగదు. పాత వార్నిష్‌ను గాజు పెంకుతో గీకి, 80 నంబరు ఉప్పు కాగితం, తర్వాత 120 పట్టండి. తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే పీచు లేస్తుంది, ఆరాక 220తో తేల్చేయండి. నూనె సీసాను ఎండలో పెడితే చాలు, పొయ్యి మీద పెట్టొద్దు. పల్చగా పూసి, పావుగంట ఆగి, మిగిలిన నూనెంతా తుడిచేయాలి. ఇక్కడే అందరూ తప్పు చేస్తారు. మందంగా వదిలేస్తే పైన బంకలా మిగిలిపోతుంది. కామ రెండు చివర్లకు, పార గూటిలో దూరే చోటుకు ఎక్కువ పట్టించండి, నీళ్లు తాగేది అక్కడే. తాత లెక్క ఇది: వారం పాటు రోజుకోసారి, నెల పాటు వారానికోసారి, ఏడాది పాటు నెలకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. నేను మూడు నాలుగు పూతలతో ఆపేస్తా, తాత ఒప్పుకోడు.

ఇప్పుడు గుడ్డ సంగతి. మొదటిసారి పని అయ్యాక నూనె గుడ్డలు ఉండచుట్టి వేరుశనగ పొట్టు గోనెలో పడేశా. మధ్యాహ్నం దాటాక కొట్టంలో మాడు వాసన. చెయ్యి పెడితే గోనె లోపల కాలుతోంది, గుడ్డ మధ్యలో నల్లబడి పొగ వస్తోంది. పక్కనే కాలాబట్టి విత్తన బస్తాలు, పైన తాటాకు కప్పు, అవతల ఆవు, దూడ. ఇంకో గంట ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అగ్గిపుల్ల ఎవరూ గీయలేదు. నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కామ మీద అయితే ఆ వేడి గాలికి పోతుంది, ఉండచుట్టిన గుడ్డలో పోయే దారి లేదు. కంపోస్టు కుప్పలో చెయ్యి పెట్టి చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గుడ్డను ఒంటిపొరగా పరిచి, గడ్డివాముకు దూరంగా ఆరుబయట గట్టిపడేదాకా ఆరేయండి. లేదంటే మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్లు పోసి అందులో ముంచండి.

పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు దాని చెక్కకూ ఇదే పద్ధతా అని అడుగుతారేమో. చెక్క వరకు నూనె ఒకటే. కానీ ఊరి వడ్రంగికి ఇవ్వొద్దు, ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకూ లైసెన్సు ఉండాలి. లైసెన్సు ఉన్న డీలరు దగ్గరే చేయించండి. లోహం మీద చెక్కిన నంబరు జోలికి ఎవరూ పోకూడదు, అది చెరిపితే నేరం.

వచ్చే వీడియోలో కొడవలికి పళ్లు కోయించడం చూపిస్తా.