యాత్రాస్థల పరిశోధనము

మా పాఠశాలలో చదివి వెళ్లిన విద్యార్థి యొకడు గత వేసవిలో మాయొద్దకు వచ్చెను. అతడు పట్టణమున పర్యాటక నిర్వహణము ప్రధాన విషయముగా డిగ్రీ చివరి సంవత్సరము చదువుచుండెను. ఆ తరగతివారిలో ప్రతివాడును ఒక విషయమును తానే యెంచుకొని, తానే పోయి పరిశీలించి, వ్యాసము వ్రాసి, పరీక్షకుల యెదుట దానిని సమర్థించుకొనవలయును. చేతిలో నున్నవి మూడు నెలల గడువును, తండ్రి యిచ్చిన కొద్దిపాటి బస్సు ఛార్జీలును మాత్రమే. ఆ తండ్రి బండిమీద కొబ్బరిబొండములమ్మి కుమారుని చదివించుచున్నవాడు. వారి యింట కాలేజీ మెట్లెక్కినవారు అంతకు మున్నెవరును లేరు. వ్యాసము తప్పినచో ఒక యేడు పోవుటయే గాక చదువే ఆగిపోవునేమో యని కుఱ్ఱవాని భయము. ఆ పని యెట్లు సాగినదో మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియుట మేలని తలచి యిచ్చట వ్రాయుచున్నాము. మీలో ననేకులకు కొలది యేండ్లలో నిట్టి పని తప్పదు.

అతడు తెచ్చిన కాగితముమీద “ఆంధ్రప్రదేశమున పర్యాటకాభివృద్ధి” అని పేరు వ్రాసియుండెను. “నాయనా, ఇది పదిమంది యుద్యోగులు ఒక సంవత్సరము కూర్చుండి చేయదగిన పని. నీవు ఒక్కడవు. ఒక్క చోటును, ఒక్క ప్రశ్నను చూచుకొనుము” అంటిమి. చాలసేపటికి నాగార్జునకొండ యని తేలినది. మాచర్లలో అతని మేనత్త యుండుటచే అన్నమునకును పడకకును ఖర్చు లేదు. పరిశోధనాంశమును ఎన్నుకొనుటలో మేనత్త యిల్లుగూడ ఒక హేతువని గ్రంథములలో వ్రాయరు గాని, బీద విద్యార్థి విషయమున అదియే ముఖ్య హేతువు.

ఆ స్థలమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. క్రీస్తుశకము మూడు నాలుగు శతాబ్దములలో ఇక్ష్వాకు రాజులు విజయపురియను పేర దానిని రాజధానిగా జేసికొని యేలిరి. పిమ్మట ఆ కృష్ణాతీరపు లోయ మరుగున బడెను. 1926లో సూరపరాజు వేంకటరామయ్య యను స్థానికోపాధ్యాయుడు అచ్చట నొక పురాతన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలియజేసెను. (ఉపాధ్యాయుడను మాట మేము కొంచెము గర్వముతోనే వ్రాయుచున్నాము.) అటుపై లాంగ్‌హర్స్టు మొదలగువారు త్రవ్వించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరు ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. లోయయంతయు నీట మునుగనున్నందున 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాజమాన్యమున పెద్ద యెత్తున త్రవ్వకములు జరిగెను. కొన్ని కట్టడములను రాయి రాయి విప్పి కొండపైకిని, కొన్నిటిని తూర్పు గట్టున అనుపునకును చేర్చి మరల నిలిపిరి. కొండ ద్వీపమయ్యెను. దానిపై 1966లో మ్యూజియము వెలసెను. నేడు లాంచి యెక్కి పోయినగాని దానిని చూడరాదు. కావున అచ్చట చూచుటకెంత కాలము దొరకునో నిర్ణయించునది చూచువాని కోరిక గాదు, లాంచి మరలు వేళ. ఈ సంగతినుండియే ప్రశ్న పుట్టినది: “లాంచిలో పోయినవారు ద్వీపముమీద తమ కాలమును దేనికి వెచ్చించుచున్నారు? మ్యూజియమును తృప్తిగా చూడకుండ వారిని అడ్డుకొనున దేమి?”

ప్రశ్న దొరకిన వెంటనే యాత్రికుడనగా నెవ్వడను చిక్కు వచ్చినది. ఐక్యరాజ్యసమితికి చెందిన ప్రపంచ పర్యాటక సంస్థవారి నిర్వచనము ప్రకారము, తన నిత్యనివాస పరిసరములను విడిచి సంవత్సరమునకు లోబడిన కాలము వేరొకచోటికి, అచ్చటివారి కొలువులో చేరుటకుగాక మఱి యే పనిమీదనైనను, పోవువాడు సందర్శకుడు. వారిలో ఒక రాత్రియైనను నిలిచినవాడు పర్యాటకుడు. నాడే మరలిపోవువాడు దినసందర్శకుడు. గుంటూరునుండి ఉదయము వచ్చి సాయంకాలమునకు ఇల్లు చేరు కుటుంబమును పర్యాటకులని వ్రాసినచో పరీక్షకుడు ఊరకుండడు. వసతిగృహములకు లాభము కలుగుట కలుగకుండుట ఈ భేదముమీదనే యాధారపడియున్నది.

కాలేజీలో బోధించిన సిద్ధాంతములలో బట్లరు అను భూగోళశాస్త్రజ్ఞుడు 1980లో ప్రకటించినది ప్రసిద్ధము. యాత్రాస్థలము మొదట కొందరి కంటబడి, క్రమముగా స్థానికులు అందు పాల్గొనగా పెరిగి, స్థిరపడి, స్తబ్ధమై, తుదకు క్షీణించుటయో పునరుజ్జీవము పొందుటయో జరుగునని దాని సారము. కుఱ్ఱవాడు దీనిని నాగార్జునకొండకు అన్వయింప నుబలాటపడెను. అనేక సంవత్సరముల సందర్శకుల లెక్క చేతలేనిదే ఆ రేఖను గీయరాదు. ఆ లెక్క అతనికి లేదు. “ఒక పుటలో చెప్పి విడువుము” అంటిమి.

మా కాలమంతయు ప్రశ్నావళి హరించినది. మొదటి ప్రతిలో “మ్యూజియమును లాంచి సౌకర్యమును బాగున్నవా?” యని యుండెను. ఒకటి బాగుండి ఒకటి బాగులేనివాడు ఏమి చెప్పవలెను? దానిని రెండు ప్రశ్నలు చేయించితిమి. “ఈ యద్భుతమైన మ్యూజియము మీకు నచ్చినదా?” యను దానిలో జవాబు ప్రశ్నలోనే యున్నది. దానిని కొట్టివేసితిమి. ప్రశ్నలన్నియు ఆంగ్లమున నుండెను. పల్నాటి రైతు కుటుంబమును ఆంగ్లమున నడుగుటకంటె అడుగకుండుట మేలు. తెనిగించిన పిమ్మట ముందుగా పదిమందిని అడిగి చూడుమంటిమి. ఆ పదిమందితోనే మరి రెండు ప్రశ్నలు పనికిరావని తేలినవి. “మిక్కిలి తృప్తి” మొదలు “మిక్కిలి అసంతృప్తి” వరకు అయిదు మెట్ల కొలత పెట్టెను. ఇది లైకర్టు అనునతడు 1932లో ప్రకటించిన పద్ధతి. ఇప్పటికిని దానిని మించిన సులభోపాయము విద్యార్థికి లేదు.

ఎవరిని అడుగవలెను? ఆదివారము రేవులో నిలిచి నవ్వుమొగము గలవారిని అడిగినచో ఆదివారపు నవ్వుమొగముల సంగతియే తెలియును. కావున పనిదినములలోను సెలవుదినములలోను పోయి, లాంచి యెక్కువారిలో ప్రతి అయిదవవానిని ఎంచుకొని, మరలివచ్చునప్పుడు లాంచిలోనే ప్రశ్నింపుమంటిమి. తిరుగు ప్రయాణమున జనులకు వేరు పని యుండదు.

రెండు వారముల పిమ్మట పత్రములు తెచ్చెను. అందొక దానిలో “రాకకు కారణము” అనుచోట విహారము, విద్య, భక్తి అన్నియు విడిచి “ఇతరము” అని గుర్తు పెట్టియుండెను. ఇదేమని యడుగగా, “ఒక ముసలమ్మ, మాస్టారూ. మ్యూజియములోకి పోనేలేదు. గట్టున కూర్చుండి నీళ్లవంక చూచుచుండెను” అనెను. ఆమె యేమన్నదని మేము పట్టుబట్టితిమి. “మా ఊరు ఈ నీళ్లకిందే ఉంది నాయనా, నేను చూడటానికి వచ్చింది దాన్నే” అన్నదట! రాళ్లను కొండపైకి చేర్చిన కాలముననే ఆ లోయలోని పల్లెలవారు ఇండ్లు విడిచి వేరుచోట్లకు పోయిరి. ఆమెకు అప్పుడు పదునేనేండ్లు. కుఱ్ఱవాడు ఆ మాటను పత్రమున వ్రాయలేదు, ఏలన గడిలో చోటు లేదు. మరచిపోకముందే అచ్చముగా ఆమె పలికినట్లు తేదీతో వ్రాయించితిమి. తరువాతి పత్రములలో “ఇతరము” క్రింద నాలుగు గీతలు చేరినవి.

ఇక అసలు సంకటము. నూరు పత్రములు నింపుదునని కాలేజీలో మాట యిచ్చి వచ్చెను. గాలి వానలచే లాంచి నిలిచిన దినములు పోగా, గడువునకు అరువదినాలుగు మాత్రమే నిండినవి. హాస్టలులోని స్నేహితులు, “ముప్పదియారు పత్రములకు ఊరూర తిరుగుదువా? ఒక రాత్రి కూర్చుండిన మనమే నింపవచ్చును” అనిరట. అతని తండ్రియు ఫోనులో, “అందరు చేసేదే గదరా, పని కానియ్యి” అనెను. ఆ తండ్రిని మేము నిందింపలేము. ఒక యేటి ఫీజు ఆయనకు ఎన్ని కాయల బరువో ఆయనకే తెలియును.

మేము నీతి బోధింపలేదు, లెక్క వేసి చూపితిమి. యాదృచ్ఛికముగా ఎంచుకొన్నవారిని అడిగినప్పుడు, ఒకటిని వారి సంఖ్యయొక్క వర్గమూలముచే భాగించినచో ఫలితమున రాదగిన తప్పు ఉజ్జాయింపుగా తెలియును. నూరుమందికి వర్గమూలము పది, అనగా నూటికి పది అటునిటు. అరువదినాలుగుమందికి వర్గమూలము ఎనిమిది, అనగా నూటికి పండ్రెండున్నర అటునిటు. సగముమంది కాలము చాలలేదనిరనుకొనుడు. నూరు పత్రములైన సత్యము నలువదికిని అరువదికిని నడుమ నుండును. అరువదినాలుగైన ముప్పదియేడున్నరకును అరువదిరెండున్నరకును నడుమ నుండును. “నీవు దొంగిలింపబోవునది ఈ రెండున్నరయే. దానికై నీవు నిజముగా సంపాదించిన అరువదినాలుగును అబద్ధముతో కలిసిపోవును. ఏది యే పత్రమో రేపు నీకే తెలియదు. ఆ ముసలమ్మ మాటను గూడ ఎవడు నమ్మును?” అంటిమి. అతడు చాలసేపు పలుకలేదు. కడకు కాలేజీలోని తన గురువునకు ఉత్తరము వ్రాసెదననెను. వ్రాసెను. జవాబు వచ్చువరకు నాలుగు దినములు అతనికేగాక మాకును నిద్రలేదు. అరువదినాలుగనియే వ్రాయుమనియు, కారణమును దాచక చెప్పుమనియు జవాబు వచ్చినది.

వ్రాతపని త్వరగానే సాగెను. పాత వ్యాసములనుండి ఎత్తి వ్రాసికొన్న ముప్పది పుటల పీఠికను అతడే చింపివేసెను. చూచినది ముందుగా తెనుగున వ్రాసికొని, పిదప ఆంగ్లమున బెట్టెను.

మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న “నూరేల లేవు?” అనునదియే. లాంచి నిలిచిన దినముల పట్టికను చూపెను. రెండవ ప్రశ్న ఆ ముదుసలిని గూర్చినది. దానిమీదనే మిగిలిన కాలమంతయు గడచెనట. అతడుత్తీర్ణుడయ్యెను. వ్యాసముయొక్క ప్రతి యొకటి మా గ్రంథాలయమునకు ఇచ్చినాడు. పై తరగతులవారు అడిగి తీసికొని చదువవచ్చును. ముదుసలి మాట నలుబదియొకటవ పుటలో, తెనుగులోనే యున్నది.