ధర రాసే ముందు దస్తావేజులు లెక్కపెట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

పత్రికలో రియల్ ఎస్టేట్ పేజీ నీకు అప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ఆ పేజీని పెన్ను చేతపట్టుకుని చదివేవాళ్లున్నారమ్మా. కొత్తగా పెళ్లయి ఇల్లు కొనాలనుకునే జంట, కూతురి చదువుకి స్థలం అమ్ముదామని చూసే రైతు, అమెరికా నుంచి కొడుకు పంపిన డబ్బు ఎక్కడ పెట్టాలో తేలని తల్లిదండ్రులు, అందరూ నువ్వు వేసే అంకెను నమ్ముకునే బేరానికి కూర్చుంటారు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పంపిన కథనం చదివాను. "హైదరాబాద్‌లో సగటు ఇంటి ధర పెరిగింది, కొనుగోళ్లు జోరుగా ఉన్నాయి" అని మొదలుపెట్టావు. అందులో రెండు సంగతులున్నాయి. ధర ఒకటి, ఎన్ని ఇళ్లు చేతులు మారాయన్నది ఇంకొకటి. ఒకటి పెరిగితే రెండోదీ పెరిగి తీరాలని లేదు. రిజిస్ట్రేషన్ శాఖలో ఉద్యోగమంతా దస్తావేజుల మధ్య గడిపినవాణ్ని కాబట్టి నాకు మొదట కనిపించేది రెండోదే. దాన్ని పక్కన పెట్టుకోకుండా ధర రాస్తే ఆ ధరకి అర్థం ఉండదు.

ఒక లెక్క వేసి చూడు. ఒక పేటలో పోయినేడు పది ఇళ్లు అమ్ముడుపోయాయనుకో. ఎనిమిది ఒక్కోటి 40 లక్షలు, రెండు ఒక్కోటి కోటీ 20 లక్షలు. మొత్తం 5 కోట్ల 60 లక్షలు, సగటు 56 లక్షలు. ఈ ఏడు బ్యాంకు వడ్డీ పెరిగి చిన్న ఇల్లు కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 40 లక్షలవి నాలుగే అమ్ముడయ్యాయి, కోటీ 20 లక్షలవి నాలుగు. మొత్తం 6 కోట్ల 40 లక్షలు, ఇళ్లు ఎనిమిది, సగటు 80 లక్షలు. ఏ ఇంటి ధరా ఒక్క రూపాయి మారలేదు, అమ్మకాలు తగ్గాయి కూడా. అయినా "సగటు ధర 43 శాతం పెరిగింది" అని శీర్షిక పెట్టొచ్చు. ఆ శీర్షిక చూసి 40 లక్షల ఇల్లు కొనాలనుకున్నవాడు బెదిరిపోయి అప్పు తెచ్చి మరీ తొందరపడతాడు.

సగటు బదులు మధ్యగతం వాడితే సరిపోతుందని మీ డెస్కులో ఎవరైనా అనొచ్చు. ఒకటి రెండు పెద్ద విల్లాలు అంకెను పైకి లాగకుండా అది కాపాడుతుంది, నిజమే. పై లెక్కలో మాత్రం మధ్యగతం కూడా 40 లక్షల నుంచి 80 లక్షలకు ఎగబాకింది, చూసుకో. అమ్ముడైన ఇళ్ల రకమే మారినప్పుడు ఏ ఒంటరి అంకె కూడా నిన్ను ఆదుకోదు. హైదరాబాద్‌లో ఇప్పుడు జరుగుతున్నది చాలా మట్టుకు ఇదే. 2024లో హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి జిల్లాల్లో ఇళ్ల రిజిస్ట్రేషన్ల సంఖ్య కాస్తే పెరిగింది, వాటి మొత్తం విలువ అంతకంటే చాలా వేగంగా పెరిగింది. కోటి దాటిన ఇళ్ల వాటా పెరగడం అందుకు పెద్ద కారణం. నగరంలో ప్రతి ఇంటి ధరా అంత పెరిగిందని దానికి అర్థం కాదు.

ఇక దస్తావేజులో రాసే అంకె సంగతి. ఇది ఓపిగ్గా విను, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ధరల లెక్క తప్పేది ఎక్కువగా ఇక్కడే. స్టాంపు డ్యూటీ కట్టించుకోవడానికి ప్రభుత్వం ప్రతి ప్రాంతానికీ ఒక విలువ ఖరారు చేస్తుంది. ఖాళీ స్థలాల క్రయపత్రాల్లో చాలా వాటిలో ఆ విలువే, లేదా దానికి కొంచెం అటూ ఇటూ రాస్తారు. మిగతాది చేతి నుంచి చేతికి పోతుంది. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోకూడదని 2015లోనే ఆదాయపు పన్ను చట్టంలో చేర్చారు, అయినా పద్ధతి పూర్తిగా పోలేదు. బ్యాంకు రుణంతో కొన్న ఫ్లాటుకి మాత్రం దస్తావేజు అంకె అసలు ధరకు దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే దాన్ని చూసే బ్యాంకు అప్పిస్తుంది.

దీని ఫలితం ఆలోచించు. తెలంగాణలో ప్రభుత్వ విలువల్ని 2013 తర్వాత 2021 దాకా ముట్టుకోలేదు. ఆ ఎనిమిదేళ్లలోనే నార్సింగి, కోకాపేట, తెల్లాపూర్ రూపురేఖలు మారిపోయాయి. ఆ కాలంలో స్థలాల దస్తావేజుల సగటు తీసినవాడికి ధరలు నిద్రపోయినట్టు కనిపిస్తుంది. 2021 జూలై 22న విలువలు సవరించి, స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 6 శాతం ఉన్నదాన్ని 7.5 శాతం చేశారు. 2022 ఫిబ్రవరి 1న విలువలు మళ్లీ పెంచారు. ఆ రెండు తేదీల దగ్గరా దస్తావేజు ధరలు మెట్టెక్కినట్టు లేస్తాయి. మెట్టు ప్రభుత్వ ఉత్తర్వుది, బజారుది కాదు.

విలువలు పెరుగుతాయని తెలియగానే జనం ముందే పరిగెత్తుకొస్తారన్నది కూడా గుర్తుంచుకో. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఫిబ్రవరి 1 నుంచి కొత్త విలువలు వస్తాయనగానే జనవరి ఆఖర్లో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలు కిక్కిరిశాయి. అలాంటి జనవరి చూసి అమ్మకాలు అదిరాయనీ, ఆ తర్వాతి ఫిబ్రవరి చూసి కుప్పకూలాయనీ రాస్తే రెండూ తప్పే. వచ్చే నెల దస్తావేజులు ఈ నెలలోకి జరిగాయంతే. 2020 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా తెలంగాణలో వ్యవసాయేతర ఆస్తుల రిజిస్ట్రేషన్లే ఆపేశారు, ధరణి అనే భూరికార్డుల పోర్టల్ పని కోసం. ఆ ఏడాదిని ఆధారంగా పెట్టుకుని మరుసటి ఏడాది పెరుగుదల శాతం లెక్కగడితే ఏ జిల్లా అయినా బంగారమే పండించినట్టుంటుంది.

మన పంచాంగం సంగతి ఢిల్లీ, ముంబై నుంచి నివేదికలు పంపే సంస్థలు ఒక్కోసారి పట్టించుకోవు. నువ్వు పట్టించుకోవాలి. ఆషాఢంలో, మూఢంలో గృహప్రవేశాలుండవు, కొత్త ఇంటి రిజిస్ట్రేషన్ వాయిదా వేసుకునేవాళ్లు ఎక్కువ. శ్రావణం రాగానే స్లాట్లు దొరకవు. 2023లో శ్రావణమే అధిక మాసమైంది, జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా. ఆ ఆగస్టు అంకెను అంతకు ముందటి ఆగస్టుతో పోల్చి మార్కెట్ నీరసించిందని రాయడం అన్యాయం. మూఢాలు కూడా ఏటా ఒకే నెలలో రావు. అందుకని ఒక నెలను ఇంకో నెలతో పోల్చకు. పన్నెండు నెలల మొత్తాన్ని అంతకు ముందటి పన్నెండు నెలల మొత్తంతో పోల్చు.

అమ్మకాలు అనే మాటను కూడా ఎవరు ఏ లెక్కలో వాడుతున్నారో అడుగు. కన్సల్టెన్సీ సంస్థలు కొన్ని బిల్డర్ల దగ్గర ఒక్కో మూడు నెలల్లో బుక్కయిన కొత్త ఫ్లాట్లను లెక్కపెడతాయి. మా శాఖ లెక్కలో ఆ నెల రిజిస్టరయినవి ఉంటాయి, పాత ఇళ్ల మారుబేరాలతో సహా. బుకింగుకీ రిజిస్ట్రేషన్‌కీ మధ్య బిల్డింగ్ కట్టే కాలమంతా ఉంటుంది. మూడేళ్ల కిందటి ఒప్పందం ధరతో ఈ రోజు దస్తావేజు పుడుతుంది. ఒక నివేదిక అమ్మకాలు తగ్గాయంటే ఇంకోటి పెరిగాయంటుంది, రెండూ నిజమే కావచ్చు. రెంటినీ ఒకే కథనంలో కలిపి వండకు.

అమ్మకాల సంఖ్యను ముందు చూడమని పైన ఎందుకు పట్టుబట్టానో అమరావతిని చూస్తే అర్థమవుతుంది. 2014 సెప్టెంబరులో రాజధాని విజయవాడ చుట్టుపక్కల వస్తుందని ప్రకటించారు. 2015లో 30 వేల ఎకరాలకు పైగా భూసమీకరణలోకి వచ్చింది, అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది. తుళ్లూరు, మందడం వైపు ఎకరం ధర రైతు ఎన్నడూ విననంత ఎత్తుకెళ్లింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట శాసనసభలో వచ్చింది. ధరలు పడిపోయాయని అప్పుడు అందరూ రాశారు. మొదట పడిపోయింది ధర కాదమ్మా, కొనేవాడు రావడం మానేశాడు. అమ్మేవాడు మనసులో పాత ధరే పెట్టుకుని కూర్చుంటాడు, దించడు. కొనేవాడు బేరమే అడగడు. అలా నెలలు గడిచాక, ఆసుపత్రి ఖర్చులకో, బిడ్డ పెళ్లికో, వడ్డీ మీద పడుతున్న అప్పుకో తప్పక అమ్మినవాళ్ల చిన్న ప్లాట్లే రిజిస్టరయ్యాయి. ఆ కొద్దిమంది కష్టమే ఆ ప్రాంతపు సగటు ధరగా అచ్చయింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే చెప్పే ధరలు లేచి కూర్చున్నాయి. చెప్పే ధర వేరు, దస్తావేజు పుట్టిన ధర వేరు. అలాంటి చోట "ఇంత ధర పలుకుతోంది" అని రాసే ముందు, గడిచిన మూడు నెలల్లో ఆ గ్రామంలో ఎన్ని క్రయపత్రాలు నమోదయ్యాయో కనుక్కో. పది కూడా లేకపోతే సగటు వేయకు. ఎన్ని జరిగాయో మాత్రం రాయి. భూములిచ్చిన ఆ రైతు కుటుంబాలకు నువ్వు చేయగల న్యాయం అంతకంటే లేదు.

ప్రాంతానికీ ప్రాంతానికీ తేడా ఎందుకొస్తుందో కూడా రాయి, అంకెల కన్నా అదే పాఠకుడికి పనికొస్తుంది. విజయవాడకు ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క కొండలు. ఊరు విస్తరించడానికి చోటు తక్కువ, అందుకే బెంజి సర్కిల్, పటమట వైపు స్థలం ధర చూసి హైదరాబాద్ వాళ్లే నోరు తెరుస్తారు. విశాఖకు సముద్రం, కొండలు. ఊరు మధురవాడ మీదుగా భీమిలి, భోగాపురం వైపు పొడుగ్గా సాగుతోంది, కొత్త విమానాశ్రయం ఆ దిక్కునే. హైదరాబాద్‌కు ఏ వైపూ అడ్డు లేదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ చోటే చోటు. పైగా 2006 నాటి భవన నిబంధనలు స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న హద్దు తీసేశాయి. అందుకే పడమరన అన్ని టవర్లు లేచాయి, అమ్ముడుపోని ఫ్లాట్లూ అక్కడే పేరుకుంటాయి.

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది కదా. ఆ అంకె పట్టుకుని పాతిక కిలోమీటర్ల అవతలి వెంచర్ల బ్రోచర్లు కూడా ధర పెంచేశాయి. ఆ వేలం అనేక అంతస్తులు కట్టుకునే అవకాశమున్న కొద్ది ఎకరాలది. ఉప్పల్‌లోనో, కొంపల్లిలోనో రెండు పడకగదుల ఫ్లాటు కొనే గుమస్తాకి దాంతో సంబంధం లేదు. మెట్రో నాగోలు దాకా 2017లోనే వచ్చినా తూర్పున ధర పడమటిలా ఎందుకు పరిగెత్తలేదు? ఐటీ ఆఫీసులు మాదాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లోనే గుమిగూడాయి. నగరం మొత్తానికి ఒకే సగటు వేస్తే ఉప్పల్ మనిషికీ కోకాపేట మనిషికీ ఇద్దరికీ పనికిరాదు.

కొలతలు కలపకు. తెలంగాణలో గుంట అంటే 121 గజాలు, ఆంధ్రలో సెంటు అంటే 48 గజాల చిల్లర. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు అంకణం 36. పట్టికలో అన్నింటినీ గజాల్లోకి మార్చాకే పోల్చు. ఫ్లాట్ల విషయంలో బిల్డర్ చెప్పే సూపర్ బిల్టప్ అడుగు కాకుండా, రెరా రికార్డులో ఉన్న కార్పెట్ ఏరియా అడుగు రాయి.

సూచీలు కావాలంటే రెండున్నాయి. నేషనల్ హౌసింగ్ బ్యాంక్ 2007లో మొదలుపెట్టిన రెసిడెక్స్ ఇళ్లను 60 చదరపు మీటర్ల లోపు, 60 నుంచి 110, ఆపైన అని మూడు తరగతులుగా విడదీసి తూకం వేస్తుంది, కాబట్టి నేను పైన చెప్పిన మాయ చాలావరకు తగ్గుతుంది. అయితే అందులో ఒక సూచీ బ్యాంకులు రుణమిచ్చేటప్పుడు కట్టిన విలువల మీద నడుస్తుంది. అప్పు లేకుండా కొన్న ఇళ్లు దానికి కనిపించవు. రిజర్వ్ బ్యాంకు సూచీ రిజిస్ట్రేషన్ లెక్కల మీద నడుస్తుంది. అందులో చాలా ఏళ్లు పది నగరాలే ఉన్నాయి, హైదరాబాద్ వాటిలో లేదు. నగరాల సంఖ్య పెంచాక ఈ మధ్యనే చేర్చారు. కాబట్టి పాత "అఖిల భారత" అంకెను మన ఊరికి అంటగట్టకు.

వచ్చే నెల కథనానికి ఒక పట్టిక వేసి నాకు పంపు. ప్రతి మండలానికీ దస్తావేజుల సంఖ్య, వాటిలో ఫ్లాట్లెన్ని, స్థలాలెన్ని, గజం లేదా కార్పెట్ అడుగు ధర, పన్నెండు నెలల కిందటి అవే అంకెలు. విలువలు సవరించిన తేదీలు పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టు. ఆంధ్ర జిల్లాలవి ముందు పంపు, అంకణాల లెక్క నేను సరిచూసి పెడతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న