గద్దా, డ్రోనా? తేల్చేవారికే కొలువు

డ్రోన్ ఉద్యోగం అనగానే అందరి చూపూ రిమోట్ పట్టుకున్న పైలట్ మీదే. పదో తరగతి పాసై, 18 ఏళ్లు నిండితే చాలు, డీజీసీఏ గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ పొంది రిమోట్ పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. మంచిదే. మరి ఆ డ్రోన్ కనుచూపు మేర దాటాక దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉండాలి? 2021 సెప్టెంబరులో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. అంతకు కొద్ది నెలల ముందే, జూన్ 27న, జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లు బాంబులు జారవిడిచాయి. మనవాళ్ల డ్రోన్ అయితే తానెక్కడుందో తానే చెబుతుంది. చెప్పని డ్రోన్‌ను వెతికి పట్టుకోవాలంటే ముందుగా కావాల్సింది రాడార్.

ఇక్కడే అసలు చిక్కు. చిన్న డ్రోన్ రాడార్‌కు దాదాపు 0.01 చదరపు మీటరు వస్తువులా కనిపిస్తుంది. పక్షి కూడా దాదాపు అంతే! ఒక చదరపు మీటరు లక్ష్యాన్ని 30 కిలోమీటర్ల నుంచి చూడగల రాడార్ ఈ డ్రోన్‌ను 10 కిలోమీటర్ల లోపు వచ్చాకే చూస్తుంది. లక్ష్యం నూరో వంతుకు తగ్గితే దూరం మూడో వంతుకు పడిపోతుందన్నమాట. పైగా డ్రోన్ తక్కువ ఎత్తులో, చెట్లూ భవనాల చాటున ఎగురుతుంది. గాల్లో కదలకుండా నిలబడితే డాప్లర్ (కదలిక వల్ల ప్రతిధ్వని పౌనఃపున్యంలో వచ్చే మార్పు) సున్నా.

అయితే రెక్కలు తిరుగుతూనే ఉంటాయి కదా. ఆ తిరుగుడు రాడార్ ప్రతిధ్వనిలో వేసే సన్నటి ముద్రే మైక్రో డాప్లర్. పక్షి రెక్కలు సెకనుకు కొన్నిసార్లే ఆడతాయి, డ్రోన్ రెక్కల చివర్లు మాత్రం సెకనుకు పదుల మీటర్ల వేగంతో దూసుకుపోతాయి. రెండు ముద్రలూ వేరు. మేడ మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా డ్రోన్‌లాగే కనిపించి వేళాకోళం ఆడుతుందనుకోండి. ఈ తేడాలు పట్టే సాఫ్ట్‌వేర్ రాసేవాడే ఈ రంగంలో మొనగాడు.

కాబట్టి ఈసీఈ విద్యార్థులారా, ‘కోర్ జాబ్స్ లేవు’ అని నిట్టూర్చే ముందు సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్, ప్రాబబిలిటీ పుస్తకాల దుమ్ము దులపండి. ఫోరియర్ రూపాంతరం పరీక్ష కోసం బట్టీ పట్టినవారు ఇంటర్వ్యూలో దొరికిపోతారు. పైథాన్ వస్తే సిమ్యులేషన్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. చేత్తో చేసి చూడాలనుకుంటే అమెరికాలోని ఎంఐటీ 2011లో నడిపిన కోర్సు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది: కాఫీ డబ్బాలే యాంటెన్నాలు, 2.4 గిగాహెర్ట్జ్ రాడార్, ల్యాప్‌టాప్‌లో విశ్లేషణ. నలుగురు కలిసి చేస్తే ఫైనలియర్ ప్రాజెక్టుకు అంతకంటే ఏం కావాలి? కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

మరి కొలువులెక్కడ? డీఆర్‌డీవో రాడార్ ప్రయోగశాల ఎల్ఆర్‌డీఈ బెంగళూరులో ఉంది. ఎలక్ట్రానిక్ యుద్ధ పరికరాలు చూసే డీఎల్ఆర్ఎల్ మన హైదరాబాద్‌లోనే. సైంటిస్ట్-బి పోస్టులకు గేట్ స్కోరు కీలకం. భారత్ ఎలక్ట్రానిక్స్‌కు హైదరాబాద్‌లోనూ మచిలీపట్నంలోనూ యూనిట్లున్నాయి. ప్రైవేటులో ఆస్ట్రా మైక్రోవేవ్ రాడార్ భాగాలు, జెన్ టెక్నాలజీస్ యాంటీ డ్రోన్ వ్యవస్థలు తయారుచేస్తాయి, రెండూ హైదరాబాద్‌వే. డిప్లొమా వారు నిరాశపడక్కర్లేదు, బోర్డుల అసెంబ్లీకీ టెస్టింగ్‌కీ నేర్పున్న చేతులు ఎప్పుడూ కావాలి. వాతావరణ పరిశోధన వైపు మనసుంటే తిరుపతి దగ్గరి గాదంకిలో ఎంఎస్‌టీ రాడార్ ఉంది.

ఈ దారి మీకు నప్పుతుందో లేదో తేల్చుకోవడానికి చిన్న లెక్క. 10 గిగాహెర్ట్జ్ రాడార్ వైపు డ్రోన్ సెకనుకు 10 మీటర్ల వేగంతో నేరుగా వస్తోంది, డాప్లర్ మార్పు ఎంత? జవాబు సుమారు 667 హెర్ట్జ్. ఎలా వచ్చిందో ఈ రాత్రే కాగితం మీద వేసి చూడండి.